జపాన్ యుద్ధం, 1941-45: రంగూన్ నుంచి జగ్గయ్యపేట దాకా

జగ్గయ్యపేట, నందిగామ వైపు ఇళ్ళలో 'కంట్రోలు రోజులు' అనే మాట ఇప్పటి పిల్లలు విని ఉండకపోవచ్చు. బియ్యం, కిరసనాయిలు, గుడ్డ అన్నీ సర్కారు లెక్క ప్రకారం దొరికిన రోజులవి. ఆ రోజులు రావడానికి కారణం ఇక్కడి వానలు కావు, ఇక్కడి పంటలు కూడా కావు. సుమారు పదిహేడు వందల కిలోమీటర్ల దూరంలో, సముద్రానికి అవతల ఉన్న రంగూన్ జపాన్ చేతిలో పడడం.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే హిట్లర్, లండన్, రష్యా గుర్తుకొస్తాయి. తెలుగువాళ్ళకు నిజంగా తగిలింది మాత్రం జపాన్ యుద్ధం. విశాఖ, కాకినాడ మీద బాంబులు పడింది ఆ యుద్ధంలోనే. బర్మాలో స్థిరపడ్డ తెలుగు కూలీలు కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చింది అప్పుడే. మలయా, బర్మాల్లో ముస్లిం సైనికులు బ్రిటిష్ జెండా కింద కొందరు, ఆజాద్ హింద్ జెండా కింద కొందరు పోరాడారు. ఇంకెందరో ఏ జెండా కిందా నిలబడకుండానే, పనికి వెళ్ళిన చోటే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ యుద్ధం ఎలా మొదలైంది, దాన్ని ఎలా ఆపారు, మెట్ట కృష్ణాకు దానితో ఏం సంబంధం, ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఏదైనా ఆనవాలు ఉంటే దాన్ని బట్టి ఏం తెలుసుకోవచ్చు అనేవి ఈ వ్యాసంలో వరుసగా ఉన్నాయి.

జపాన్ ఎందుకు బయలుదేరింది

జపాన్ చిన్న ద్వీప దేశం. ఫ్యాక్టరీలు పెరిగాయి, సైన్యం పెరిగింది, కానీ సొంతంగా నూనె లేదు, రబ్బరు లేదు, ఇనుము చాలదు. ఆ లోటును పక్క దేశాల భూమితో తీర్చుకోవాలని అక్కడి సైనికాధికారులు నిర్ణయించుకున్నారు. 1931లో చైనా ఉత్తర భాగమైన మంచూరియాను ఆక్రమించారు. 1937 జూలైలో చైనా మీద పూర్తి యుద్ధానికి దిగారు. ఆ డిసెంబరులో నాన్‌కింగ్ నగరం పడినప్పుడు జరిగిన ఊచకోత ప్రపంచమంతా తెలిసింది.

1940, 41లో ఫ్రాన్స్ వలస దేశమైన ఇండోచైనాలోకి జపాన్ సైన్యం దిగింది. దానికి జవాబుగా 1941 వేసవిలో అమెరికా, బ్రిటన్, డచ్చి ప్రభుత్వాలు జపాన్‌కు నూనె అమ్మడం ఆపేశాయి. జపాన్ వాడే నూనెలో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. ఇక జపాన్ ముందు రెండే దారులు: చైనా నుంచి వెనక్కి తగ్గడం, లేదా నూనె ఉన్న డచ్చి ఇండీస్‌ను, అంటే నేటి ఇండోనేషియాను, లాక్కోవడం. రెండో దారి పట్టింది. మధ్యలో ఉన్న మలయా, సింగపూర్, ఫిలిప్పీన్స్ కూడా కావాలి. అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా పెర్ల్ హార్బర్‌ను దెబ్బ కొట్టాలి. 1941 డిసెంబరులో ఒకేసారి ఇన్ని చోట్ల దాడి జరగడానికి కారణం అదే.

'ఆసియా ఆసియావాళ్ళకే' అన్నది జపాన్ నినాదం. తెల్లవాళ్ళ పాలనలో విసిగిపోయినవాళ్ళలో చాలామందికి ఆ మాట నచ్చింది. ఆ మాటకు, జపాన్ పాలనకు మధ్య ఎంత దూరం ఉందో తర్వాత తెలిసింది.

తొలి తూటాలు: కోటా బారు, హైదరాబాద్ పటాలం

పసిఫిక్ యుద్ధం పెర్ల్ హార్బర్‌తో మొదలైందని అందరూ చదువుకుంటారు. గడియారం లెక్కన చూస్తే అంతకు ఓ గంట ముందే మలయా తూర్పు తీరంలోని కోటా బారులో జపాన్ సైనికులు ఒడ్డుకు దిగడం మొదలుపెట్టారు. అక్కడి టైము ప్రకారం అది 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటిన వేళ. ఆ తీరాన్ని కాపాడుతున్నది 8వ ఇండియన్ బ్రిగేడ్. ఇసుక మీద డోగ్రా సైనికులు, వెనక బలూచ్, ఫ్రాంటియర్ ఫోర్స్ పటాలాలు ఉన్నాయి. విమానాశ్రయం కాపలాలో నిజాం సంస్థాన సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉంది. అంటే ఈ మహాయుద్ధంలో జపాన్‌ను ఎదుర్కొన్న తొలి చోటే హైదరాబాద్ పటాలం ఉంది. చీకటి, వాన, వదంతుల మధ్య విమానాశ్రయం ఖాళీ చేసే గందరగోళంలో ఆ పటాలం కమాండింగ్ అధికారి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. యుద్ధ కాగితాల్లో 'హైదరాబాద్' అనే పేరు మూడు వేరు వేరు చోట్ల కనిపిస్తుంది. కుటుంబాల్లో 'మా దాదా హైదరాబాద్ పటాలంలో ఉన్నారు' అన్నప్పుడు ఏదో తేల్చుకోవాలి.

మొదటిది, నిజాం సొంత సంస్థాన సైన్యం. కోటా బారులో ఉన్నది ఇదే.

రెండోది, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరు నిజాం కాలపు పాత దళం నుంచి వచ్చినా, ఇందులో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. దీని 4వ బెటాలియన్ 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల దాడికి ముందు వరసలో దొరికిపోయింది. 1945 అక్టోబరులో ఈ రెజిమెంట్ పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది.

మూడోది, బ్రిటిష్ వైమానిక దళంలో నిజాం డబ్బుతో ముడిపడ్డ స్క్వాడ్రన్లు. 110 (హైదరాబాద్), 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్లు రెండూ తర్వాత బర్మా రంగంలో జపాన్‌తో పోరాడాయి. 152 స్క్వాడ్రన్ గుర్తు మీద నిజాం దస్తార్ బొమ్మ ఉండేది. ఆ విమానాలు నడిపినవాళ్ళు హైదరాబాదీలు కారు. నిజాం చందా ఇచ్చినందుకు గౌరవంగా పెట్టిన పేరు అది.

మలయా 70 రోజుల్లో పోయింది. డిసెంబరు 10న బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ మునిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో సుమారు 45,000 మంది భారత సైనికులను బ్రిటిష్ అధికారులు జపాన్‌కు అప్పగించారు.

రంగూన్: నడిచి వచ్చిన బాట

తెలుగు జిల్లాల నుంచి బర్మాకు వలస చాలా పాతది. కూలి కోసం రంగూన్ వెళ్ళినవాళ్ళను అక్కడ 'కోరంగీలు' అనేవాళ్ళు. గోదావరి ముఖద్వారంలోని పాత ఓడరేవు కోరంగి పేరు మీద వచ్చిన మాట అది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో పెద్ద భాగం తెలుగువాళ్ళే. ఎక్కువమంది విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే ఉన్నారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. అంటే యుద్ధం రాకముందే అక్కడ వాళ్ళ బతుకు భద్రంగా లేదు.

1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో, బజార్లలో ఉన్న కూలీలే ఎక్కువగా చనిపోయారు. మిగిలినవాళ్ళు ఊరు విడిచి ఉత్తరానికి నడక మొదలుపెట్టారు. రేవు ఆగిపోతుందని భయపడ్డ సర్కారు మధ్యలో వాళ్ళను వెనక్కి మళ్ళించింది. ఓడ టికెట్లు డబ్బున్నవాళ్ళకు దొరికాయి. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చేసరికి పేదవాళ్ళకు నడక ఒక్కటే మిగిలింది.

రెండు ముఖ్యమైన బాటలు ఉన్నాయి. ఒకటి ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి తౌంగప్ మీదుగా తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కు. రెండోది మాండలే వైపు నుంచి తమూ మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్‌కు, అక్కడి నుంచి దీమాపూర్ రైలు స్టేషన్‌కు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. పిల్లల్ని భుజాన వేసుకుని నడిచినవాళ్ళు కొందరు ఆ పిల్లల్ని దారిలోనే పూడ్చి రావాల్సి వచ్చింది. తెల్లవాళ్ళకు కాస్త మెరుగైన బాట, భారతీయులకు అధ్వాన్నమైన బాట అని వివక్ష చూపించారన్న ఆరోపణ అప్పుడే పెద్దగా లేచింది.

అలా నాలుగైదు లక్షల మంది భారతీయులు నడిచి దేశానికి చేరారని అంచనా. దారిలో పోయినవాళ్ళ సంఖ్య కనీసం పది వేలని కొందరు, యాభై వేలని, అంతకన్నా ఎక్కువని ఇంకొందరు చెబుతారు. కచ్చితమైన లెక్క ఎవరూ రాయలేదు. పోయినవాళ్ళు సైనికులు కారు కాబట్టి వాళ్ళ పేర్లు ఏ స్మారకం మీదా లేవు.

ఏప్రిల్ 6, 1942: విశాఖ, కాకినాడ

రంగూన్ పడిన రెండు వారాలకు, మార్చి 23న అండమాన్ దీవులు జపాన్ వశమయ్యాయి. బంగాళాఖాతంలో దాన్ని ఆపే బలం బ్రిటన్‌కు అప్పుడు లేదు. ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, అడ్మిరల్ నగుమో విమానాలు కొలంబో మీద పడ్డాయి. అదే సమయంలో అడ్మిరల్ ఓజావా నడిపిన మరో దళం మన తీరం వైపు వచ్చింది. ఆ దళంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది.

ఏప్రిల్ 6న ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి ఇంకా 9 ఏళ్ళు నిండలేదు. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగి ఏడాది కూడా కాలేదు. రేవు, కరెంటు కేంద్రం వైపు బాంబులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. నష్టం లండన్ మీద పడ్డ బాంబులతో పోలిస్తే చిన్నదే. భయం మాత్రం చిన్నది కాదు. ఊరికి ఊరు ఖాళీ అయింది. ఆ రోజు పడ్డ బాంబుల్లో ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో చూడొచ్చు. సముద్రంలో ఓజావా దళం ఆ కొద్ది రోజుల్లోనే 20కి పైగా సరుకు ఓడలను ముంచేసింది.

మద్రాసులోనూ అదే భయం. ఏప్రిల్ రెండో వారంలో జపాన్ దండు దిగుతోందన్న సమాచారంతో ప్రభుత్వ ఆఫీసులను లోపలి ఊళ్ళకు తరలించారు. లక్షల మంది నగరం వదిలి వెళ్ళారు. దండు రాలేదు. జపాన్ ఓడలు పసిఫిక్ వైపు వెనక్కి మళ్ళాయి. ఆ జూన్‌లో మిడ్‌వే దగ్గర జరిగిన యుద్ధంలో అమెరికా నాలుగు పెద్ద జపాన్ విమానవాహక నౌకలను ముంచింది. కొలంబో మీద దాడి చేసిన నౌకల్లోనివే ఆ నాలుగింట్లో మూడు. ఆ తర్వాత మన తీరం మీద అంత పెద్ద దాడి మళ్ళీ జరగలేదు.

మెట్టలో యుద్ధం వంటింట్లో జరిగింది

అప్పటికి జగ్గయ్యపేట, నందిగామ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాలో ఉండేవి. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. బెజవాడ నుంచి హైదరాబాద్ పోయే రోడ్డు మీద ఉన్న ఊళ్ళు. జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యం మొదలు. బంధుత్వాలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. తమ్ముడు బ్రిటిష్ సర్కారు రయ్యతు అయితే అక్కను కోదాడ వైపు నిజాం రయ్యతుకు ఇచ్చి ఉండొచ్చు. సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం. బాంబు శబ్దం ఇక్కడికి వినపడలేదు. యుద్ధం ఇక్కడికి వచ్చిన దారి వేరు.

బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఇండియాకు వచ్చేవి. 1942 మార్చితో అవి ఆగిపోయాయి. బర్మా నూనె బావుల నుంచి వచ్చే కిరసనాయిలు కూడా ఆగింది. వాటికి తోడు సైన్యం కొనుగోళ్ళు పెరిగాయి, రైలు వ్యాగన్లు సైన్యానికి పోయాయి, నోట్లు విపరీతంగా అచ్చయ్యాయి. ధరలు ఆకాశానికి లేచాయి. కృష్ణా డెల్టా వడ్ల మీద సర్కారు కన్ను పడింది. వడ్లు సేకరించి లోటు ప్రాంతాలకు పంపడం, జిల్లా నుంచి జిల్లాకు ధాన్యం కదలాలంటే పర్మిట్ కావాలనడం మొదలైంది.

డెల్టాలో వరి పండుతుంది. మెట్టలో జొన్న, పత్తి, మిరప, అపరాలు. వరి అన్నం పండగలకు, దావత్‌లకు తప్ప రోజూ ఉండని ఇళ్ళు అప్పుడు చాలా. అలాంటి ఇళ్ళకు బియ్యం కరువు కంటే బట్ట, కిరసనాయిలు, చక్కెర కరువే ఎక్కువ తగిలింది. 1943లో బట్ట మీద కూడా కంట్రోలు వచ్చింది. సొంత పొలం లేని కుటుంబాలకు, కూలి మీద, చేతి వృత్తి మీద బతికేవాళ్ళకు జొన్న ధర కూడా అందలేదు. కంట్రోలు రేటుకు దొరకని సరుకు వెనక గుమ్మంలో రెట్టింపుకు దొరికేది. 'బ్లాక్ మార్కెట్' అనే మాట తెలుగులోకి గట్టిగా పాతుకుపోయింది ఈ రోజుల్లోనే.

మన దగ్గర కష్టం అయింది. బెంగాల్‌లో 1943 కరువులో ముప్పై లక్షల మంది వరకు చనిపోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది పేద రైతులు, కూలీలు, చేపలు పట్టేవాళ్ళు. బర్మా బియ్యం ఆగడం అందులో ఒక కారణం. జపాన్‌కు దొరకకూడదని తీరంలోని పడవలను, ధాన్యాన్ని సర్కారు స్వాధీనం చేసుకోవడం, ధరలను అదుపు చేయకపోవడం, సహాయం ఆలస్యం చేయడం మిగతా కారణాలు.

రాజకీయంగా కూడా ఊళ్ళు మూడు ముక్కలయ్యాయి. 1942 ఆగస్టులో కాంగ్రెస్ క్విట్ ఇండియా పిలుపు ఇచ్చింది. ముస్లిం లీగ్ అందులో చేరలేదు. కృష్ణా జిల్లాలో బలంగా ఉన్న కమ్యూనిస్టులు, రష్యా మీద హిట్లర్ దాడి తర్వాత, ఇది ప్రజాయుద్ధం అన్నారు. జపాన్‌ను ఎదిరించాలని బుర్రకథలతో ఊరూరా ప్రచారం చేశారు. బెజవాడ నుంచి ప్రజాశక్తి పత్రిక 1942లో మొదలైంది. కాబట్టి ఒకే వీధిలో ఒకరు 'బ్రిటిష్‌వాడు పోవాలి' అంటుంటే ఇంకొకరు 'ముందు జపానువాడు ఆగాలి' అనేవాళ్ళు.

రెండు జెండాల కింద

సింగపూర్‌లో పట్టుబడ్డ సైనికుల ముందు కష్టమైన ప్రశ్న నిలబడింది. బ్రిటిష్‌వాడు వదిలి వెళ్ళాడు. జపాన్ సాయంతో దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడాలా, చేసిన ప్రమాణం మీద నిలబడాలా? వేల మంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరనివాళ్ళలో వేల మందిని జపాన్ న్యూ గినీ లాంటి చోట్లకు కూలీలుగా తరలించింది. చాలామంది అక్కడే పోయారు. మలయా ఎస్టేట్లలోని తమిళులు, వాళ్ళతో పాటు తెలుగువాళ్ళు కూడా ఫౌజ్‌లో చేరారు.

ఆ ఫౌజ్ చరిత్రలో హైదరాబాద్ బిడ్డ ఆబిద్ హసన్ పేరు ముందు వరసలో ఉంటుంది. 1911లో పుట్టి, చదువు కోసం జర్మనీ వెళ్ళి, అక్కడ సుభాష్ చంద్రబోస్‌ను కలిసి చదువు మానేశాడు. 'జై హింద్' అనే పలకరింపు ఆయన ఇచ్చినదే. 1943 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామిలో బోస్ వెంట బయలుదేరి, ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర నడి సముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా చేరాడు. ఆ ప్రయాణంలో బోస్ పక్కన ఉన్న ఒకే ఒక భారతీయుడు ఆయనే. కాషాయ రంగును సూచించే 'సఫ్రానీ' అనే మాటను తన పేరుకు చేర్చుకున్నాడు. ఇంఫాల్ రంగానికీ వెళ్ళాడు. స్వాతంత్ర్యం తర్వాత దేశ రాయబారిగా పనిచేసి 1984లో కన్నుమూశాడు.

1943లో రంగూన్‌లో ఉన్న చివరి మొగల్ బాద్షా బహదూర్ షా జఫర్ మజార్‌కు బోస్ వెళ్ళి నివాళి అర్పించడం కూడా ఈ చరిత్రలో భాగమే.

అటువైపు చూస్తే, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో జమేదార్ అబ్దుల్ హఫీజ్ ఉన్నాడు. 9వ జాట్ రెజిమెంట్‌కు చెందిన ఈ యువకుడు 1944 ఏప్రిల్ 6న, విశాఖ మీద బాంబులు పడి సరిగ్గా రెండేళ్ళు నిండిన రోజున, ఇంఫాల్ ఉత్తరాన ఒక కొండ మీది జపాన్ స్థావరాన్ని పట్టుకుంటూ చనిపోయాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. సమాధి ఇంఫాల్‌లోనే ఉంది.

ఒకే ఇంఫాల్ రంగం. ఒకవైపు ఆబిద్ హసన్, ఇంకోవైపు అబ్దుల్ హఫీజ్. వీళ్ళలో ఒకరు దేశభక్తుడు, ఇంకొకరు ద్రోహి అని తేల్చేయడం తేలిక. అప్పటి పరిస్థితి చూస్తే అలా తేల్చడం న్యాయం కాదు.

జపాన్ పాలన ఎలా ఉండేది

'ఆసియా ఆసియావాళ్ళకే' అన్న మాటకు అసలు పరీక్ష ఇక్కడే జరిగింది. థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం కోసం జపాన్ సుమారు 60,000 మంది యుద్ధ ఖైదీలను, వాళ్ళకు మూడు రెట్లకు మించి ఆసియా కూలీలను అడవుల్లోకి తోలింది. 1943 అక్టోబరులో పట్టాలు కలిసేసరికి 12,000 మందికి పైగా ఖైదీలు, సుమారు 90,000 మంది కూలీలు చనిపోయారు. మలయా ఎస్టేట్ల నుంచి తీసుకెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఖైదీలకు స్మశానాలు, శిలాఫలకాలు ఉన్నాయి. కూలీలకు అవి కూడా దక్కలేదు.

అండమాన్‌లో గూఢచారులన్న అనుమానంతో స్థానికులను హింసించారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో జపాన్‌ను స్వాగతించిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ మనుషులే ఉన్నారు. 1945 జూలైలో, బర్మాలోని మౌల్‌మేన్ ప్రాంతంలో కలగోన్ అనే ఊళ్ళో గెరిల్లాలకు సాయం చేశారని మసీదులో, ఇళ్ళలో నిర్బంధించి 600 మందికి పైగా గ్రామస్థులను చంపి బావుల్లో పడేశారు. ఊరివాళ్ళు ప్రధానంగా ముస్లింలు. ఆడవాళ్ళను, పిల్లలను కూడా వదల్లేదు. ఆ కేసులో జపాన్ సైనికుల మీద 1946లో రంగూన్‌లో విచారణ జరిగింది.

ఎలా ఆపారు

1942లో ఓడి వెనక్కి వచ్చిన సైన్యాన్ని జనరల్ స్లిమ్ 14వ సైన్యంగా మళ్ళీ నిలబెట్టాడు. అందులో ఎక్కువమంది భారతీయులు. మద్రాస్ రెజిమెంట్ బెటాలియన్లు, తెలుగువాళ్ళు బాగా చేరే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ కూడా బర్మాలో పనిచేశాయి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరు ఇప్పటికీ ఆ సంప్రదాయానికి గుర్తు. మొత్తం మీద ఆ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ 25 లక్షల మందికి పెరిగింది.

మారింది మనుషుల సంఖ్య ఒక్కటే కాదు. మూడు పద్ధతులు మారాయి. మొదటిది, మలేరియా మందు ప్రతి సైనికుడూ రోజూ మింగి తీరాలన్న క్రమశిక్షణ. అంతకు ముందు తూటా కంటే జ్వరమే ఎక్కువమందిని పడగొట్టేది. రెండోది, జపాన్ చుట్టుముడితే పారిపోకుండా ఉన్న చోటే నిలబడడం, తిండి, మందుగుండు విమానాల నుంచి జారవిడవడం. మూడోది, అడవిలో పోరాటానికి ముందుగా శిక్షణ.

1944 మార్చిలో జపాన్ 15వ సైన్యం సుమారు 85,000 మందితో ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చింది. ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలు దాని వెంట ఉన్నాయి. మూడు వారాల తిండితో వచ్చిన ఆ సైన్యం, ఇంఫాల్ గిడ్డంగులు దొరుకుతాయన్న ఆశ మీదే కదిలింది. అవి దొరకలేదు. జూలైలో వానల్లో వెనక్కి మళ్ళినప్పుడు ఆకలితో, జబ్బులతో వేల మంది దారిలో పడిపోయారు. అది రెండేళ్ళ క్రితం మన కూలీలు నడిచి వచ్చిన అదే దారి. 1945 మార్చిలో మాండలే, మే నెలలో రంగూన్ తిరిగి బ్రిటిష్ చేతికి వచ్చాయి.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించింది. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో సంతకాలు జరిగినప్పుడు అక్కడ నిలిచి ఉన్న నౌకల్లో ఒకదాని పేరు 'నిజాం'. ఆస్ట్రేలియా నౌకాదళం నడిపిన డిస్ట్రాయర్ అది. కోటా బారులో మొదటి రాత్రి, టోక్యోలో చివరి రోజు, రెండు చోట్లా హైదరాబాద్ పేరు ఉంది.

ఆ నవంబరులో ఎర్రకోటలో ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ మీద విచారణ మొదలైంది. ముస్లిం, హిందూ, సిక్కు ముగ్గురూ ఒకే బోనులో నిలబడ్డారు. దేశమంతా కదిలింది. వాళ్ళకు పడ్డ ద్వీపాంతర శిక్షను 1946 జనవరిలో రద్దు చేయక తప్పలేదు.

ఇంట్లో ఏముందో చూసుకోండి

బర్మా నుంచి, మలయా నుంచి తిరిగి రాని మనిషి గురించి ఇంట్లో మాట వినబడితే, కింది వాటి కోసం వెతకడం మంచిది.

పతకాలు: 'బర్మా స్టార్' ఉంటే బర్మా రంగంలో సేవ. 'పసిఫిక్ స్టార్' ఉంటే మలయా, సింగపూర్ వైపు.

నోట్లు: అరటి చెట్టు బొమ్మ ఉన్న పది డాలర్ల నోటు, జపాన్ ప్రభుత్వం పేరుతో అచ్చయిన రూపాయి నోట్లు ఆక్రమణ కాలంవి. యుద్ధం అయ్యాక అవి చెల్లలేదు. విలువ లేకపోయినా, ఇంటి మనిషి అక్కడ బతికాడనడానికి అవి సాక్ష్యం.

ఉత్తరాలు: చాలా ఉత్తరాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదవగలిగే పెద్దలు ఉన్నప్పుడే చదివించి తెలుగులో రాసి పెట్టుకోవాలి.

బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చనిపోయినవాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. సమాధి దొరకనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద సుమారు 27,000, సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద 24,000కు పైగా ఉన్నాయి. తౌక్యాన్ శిల మీద ఉర్దూ రాత కూడా ఉంది. వెతికేటప్పుడు జిల్లా పేరును పాత పద్ధతిలో 'కిస్ట్నా' అని, ఇంటి పేరు 'షేక్', 'షైక్', 'సయ్యద్', 'సయ్యిద్' అని రకరకాలుగా ఇచ్చి చూడాలి. తండ్రి పేరు, తాలూకా నందిగామ అని తెలిస్తే పని సులువు. ఆజాద్ హింద్ ఫౌజ్ ఫైళ్ళు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో చాలా కాగితాలు చూడొచ్చు. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్ల కేంద్రం బెంగళూరులో ఉన్నాయి.

కూలీగా వెళ్ళి తిరిగి రానివాళ్ళకు మాత్రం ఏ జాబితా లేదు. వాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్ళిన ఏడాది తెలిసినంతలో కుటుంబంలో ఎవరో ఒకరు ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. ఖబర్ ఎక్కడుందో తెలియని మనిషికైనా పేరు పెట్టి దువా చేయొచ్చు. ఆ పేరు తెలిసిన ముసలివాళ్ళు ఇంకా కొద్దిమందే మిగిలారు.

ముఖ్యమైన తేదీలు

1931 సెప్టెంబరు: మంచూరియా ఆక్రమణ మొదలు
1937 జూలై: చైనాతో పూర్తి యుద్ధం
1941 డిసెంబరు 8: కోటా బారు, ఆ తర్వాత గంటకు పెర్ల్ హార్బర్
1942 ఫిబ్రవరి 15: సింగపూర్ లొంగుబాటు
1942 మార్చి 8: రంగూన్ పతనం
1942 మార్చి 23: అండమాన్ ఆక్రమణ
1942 ఏప్రిల్ 6: విశాఖ, కాకినాడ మీద బాంబులు
1943: బెంగాల్ కరువు
1944 మార్చి-జూలై: ఇంఫాల్, కొహిమా
1945 మే: రంగూన్ తిరిగి బ్రిటిష్ వశం
1945 ఆగస్టు 15: జపాన్ లొంగుబాటు ప్రకటన
1945 నవంబరు: ఎర్రకోట విచారణ